మహేంద్రతనయ గట్టు మీద ఊరికే నడక

కొండల్లో పుట్టిన ఒక నదినీ, ఆ నది వెంట సముద్రం దాకా కాలినడకన సాగిన ఇద్దరు మొగాళ్ళనీ, దారిలో వాళ్ళని చుట్టుముట్టిన ఊళ్ళనీ, అన్నిటినీ దాటి నిలబడిన ఒక సంకల్పాన్నీ గురించి మీరు ఇప్పుడు చదవబోతున్నారు. గుండె దిటవు చేసుకోండి.

చేసుకున్నారా? ఇక వదిలేయండి. నది మహేంద్రతనయ. పుట్టింది కొండల్లోనే, కానీ మేము బయల్దేరింది మందస బస్టాండు నుంచి. చేరాల్సింది బారువ. బస్సో ఆటోనో పట్టుకుంటే ఒక పూట పని కూడా కాదు. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు పోసుకుని, చారన్నం తిని పడుకుని, మర్నాడు ఎక్కడ ఆపామో అక్కడికి మళ్ళీ బస్సులో వెళ్ళి నడక సాగించాం. మహాయాత్రల్లో ఇలా ఉండదని నాకూ తెలుసు.

సంకల్పం మా బావది. మా అక్క మొగుడు, వెల్డరు. ఏజెంటు ద్వారా లిథువేనియా అనే దేశం వెళ్ళి, అక్కడ ఓడలు కట్టే యార్డులో నాలుగేళ్ళు పనిచేసి, కిందటి డిసెంబరులో సెలవు మీద పలాస వచ్చాడు. అందరూ చాక్లెట్లూ సెంటు సీసాలూ తెస్తారు. బావ అల్యూమినియం కర్రలు రెండూ, ఒక అలవాటూ తెచ్చాడు. ఊరికే నడవడం.

అక్కడ యార్డులో బావ సూపర్‌వైజరూ, ఆయన భార్యా, ఇద్దరూ యాభై దాటినవాళ్ళు, సెలవు దొరికితే బావని వెంటేసుకుని ఏదో ఒక నది లోయలోకి వెళ్ళేవాళ్ళట. పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దాకా నడవడం, మధ్యలో ఎక్కడో కూర్చుని రొట్టె తినడం, తిరిగి రావడం. గేదె వీపంత ఎత్తు గుట్టలు, వాటి మధ్య మెల్లగా పోయే ఏరు, చుట్టూ ఎవరివో పొలాలు. ఆవులు తలెత్తి చూస్తాయి. మనుషులైతే తల కూడా ఎత్తరు. దారి మలుపు తిరిగేచోట చెట్టు మీద చిన్న రంగు గీత ఉంటుంది. అది చూసుకుని పోవడమే.

"ఒక్కడంటే ఒక్కడు అడగడురా, నువ్వెవడివని" అనేవాడు బావ, గుడికెళ్ళొచ్చినవాడి గొంతుతో.

ఫొటోలు చూపించాడు. తడి, పచ్చ, మబ్బు. మళ్ళీ తడి, పచ్చ, మబ్బు. ఒకే చోట నిలబడి గుండ్రంగా తిరుగుతూ తీశాడేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం పూర్తిగా ఇప్పటికీ పోలేదు.

అసలు సంగతి వేరే ఉంది. యార్డు వాళ్ళు ఇంకో రెండేళ్ళకి ఒప్పందం పంపారు. వస్తాడో రాడో ఆదివారంలోగా చెప్పాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకడికి పోతుంది. బావకి వెళ్ళాలని లేదు. అక్కకీ పంపాలని లేదు. ఈ మాట వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు అనుకోరు, విడివిడిగా నాతో అంటారు. నేను పలాసలో మొబైల్ షాపులో చేస్తాను కాబట్టి సమాచార వ్యవస్థ నా శాఖ అనుకున్నట్టున్నారు.

ఉండిపోతే ఏం చేయాలన్నది బావ ముందున్న ప్రశ్న. జవాబు ఆయనే తయారుచేసుకున్నాడు. సూపర్‌వైజరు దంపతులకి చలికాలంలో వెచ్చటి దేశంలో నడవాలని కోరిక. జనవరిలో వస్తామన్నారు. నడక బాగుంటే స్నేహితుల్ని తెస్తామన్నారు. ఏటా ఇలా నాలుగు జట్లు వస్తే, వాళ్ళని నడిపించుకుంటూ ఇక్కడే బతకొచ్చు. కాబట్టి ఆదివారం లోపల తేలాల్సింది ఒక్కటే: మహేంద్రతనయ పక్కన ఇద్దరు కొత్తవాళ్ళు సముద్రం దాకా నడవడానికి దారి ఉందా? ఉంటే బావ ఉంటాడు. లేకపోతే విమానం ఎక్కుతాడు. ఒక కాపరాన్ని తీసుకెళ్ళి పొలం గట్టు మీద పెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"రెండ్రోజులు ఊరికే నడుత్తారా? ఎవలికి సెప్తారీ కబుర్లు?" అంది అక్క. నన్ను తోడు పంపింది. తోడంటే నిఘా.

బుధవారం పొద్దున్నే మందసలో దిగాం. బావ చేతిలో కర్రలు, లాగితే పొడుగయ్యేవి, కొనకి ఇనుప మొన. నా చేతిలో కిటికీ గ్రిల్స్‌కి వేయగా మిగిలిన పసుపు ఎనామిల్ పెయింటు డబ్బా, ఒక బ్రష్షు. అక్కడిలాగే మలుపు ఉన్నచోటల్లా జానెడు గీత గీసేస్తే, దంపతులు ఎవర్నీ అడగక్కర్లేకుండా సముద్రం దాకా వెళ్ళిపోవచ్చని బావ ఆలోచన. ఇందులో ఉన్న తప్పు మీకు అప్పుడే కనిపించి ఉంటుంది. మాకు గురువారం మధ్యాహ్నం కనిపించింది.

ఊరు దాటిన మొదటి పొలంలోనే మొదలైంది. కోతలైపోయి వరి కుప్పలేస్తున్నారు. కుప్ప మీదున్నాయన కేకేశాడు.

"ఎవలు బాబూ?"

"పలాసండీ."

"ఎవలింటికి?"

"ఎవరింటికీ కాదండీ. ఊరికే నడుస్తున్నాం."

ఆయన కుప్ప దిగి వచ్చాడు. ఆ మాట అనకపోతే దిగేవాడు కాదు. మా వైపు మనిషి కదిలాడంటే కారణం ఉండాలి: పెళ్ళో, చావో, పనో, కోర్టో. కారణం లేదన్నవాడి దగ్గర చెప్పుకోలేనంత పెద్ద కారణం ఉంటుందని మావాళ్ళ నమ్మకం. అది తప్పని నేను అనను. మా తీరంలో ముందు ఎవరో ఇద్దరు కర్రలు పట్టుకుని ఊరికే తిరుగుతారు. తర్వాత కొన్నాళ్ళకి ఒక కాగితం వస్తుంది. ఆ కాగితంలో మన తోట వేరేవాళ్ళదై ఉంటుంది.

తర్వాతి పొలంలో నేను జవాబు మార్చాను.

"మహేంద్రగిరి చూద్దామని."

"కొండ ఎనకుంది. మీరిటెల్తన్నారేటి?"

దాని తర్వాతి చోట ఇంకోటి ప్రయత్నించాను. "డాక్టరు నడవమన్నాడు."

"ఇద్దర్నీనా?" అంది వంగ మడిలో కలుపు ఏరి గిన్నెలో వేస్తున్నావిడ. కలుపు మా మొహాల్లోనే ఉన్నట్టు చూసింది.

పది గంటలకల్లా మా వెనక ఒక సైకిలు చేరింది. నలభై అయిదేళ్ళ మనిషి, గళ్ళ లుంగీ, తలకి తువ్వాలు. ఎక్కి తొక్కడు, నడిపించుకుంటూ వస్తాడు. మేము ఆగితే తనూ ఆగి వంగి చైను సరిచేసుకుంటాడు. రెండు కిలోమీటర్లలో ఆ చైను ఆరుసార్లు ఊడింది.

"చూశావా, ఎంత స్నేహంగా వెంట వస్తున్నాడో" అన్నాడు బావ. నాలుగేళ్ళు దేశంలో లేకపోతే మనిషి ఇలా తయారవుతాడు.

నది మాత్రం బాగుంది. డిసెంబరు కదా, నీళ్ళు మోకాలి దాకా కూడా లేవు. ఇసక తిన్నెల మధ్య రెండు మూడు పాయలై, తొందర లేకుండా పోతోంది. గట్టున మొగలి పొదలు, అవతల కోసిన చేలు, కొంగలు. వెనక్కి తిరిగితే కొండ నీలంగా నిలబడి ఉంది. ఎండు గడ్డి వాసన, ఎక్కడో కుండలో ఉడుకుతున్న తేగల వాసన. ఇవేవీ బావతో అనలేదు. అంటే ఇంకో పది కిలోమీటర్లు పెంచేవాడు.

రాళ్ళ మీద, ఒక పాత కల్వర్టు మీద గీతలు గీసుకుంటూ వెళ్ళాం. మధ్యాహ్నానికి ఒక జీడితోట వచ్చింది. దారి అందులోంచే మూడు మలుపులు తిరుగుతుంది. రాయి ఒక్కటీ లేదు, మనిషీ లేడు. బావ మూడు జీడిచెట్లకి గీతలు వేశాడు. ఛాతీ ఎత్తున, ఒకే వైపు, ఒకే కొలత. వెల్డరు చెయ్యి కదా, వెంట్రుకంత వంకర పోలేదు. ప్రభుత్వం వాళ్ళు కూడా అంత శుభ్రంగా వేయరు. సైకిలు మనిషి అప్పుడు మొదటిసారి చైను మర్చిపోయి మమ్మల్ని చూశాడు. తర్వాత సైకిలెక్కి వచ్చిన దారినే పోయాడు. చైను బాగానే ఉంది.

సాయంత్రానికి హైవే వంతెన దగ్గర తేలాం. బస్సెక్కి ఇంటికొచ్చాం.

"ఏటయ్యింది?" అంది అక్క.

"దారుంది" అన్నాడు బావ.

అక్క నా వైపు చూసింది. నేను చారు పోసుకున్నాను.

గురువారం వంతెన కింద నుంచి మొదలుపెట్టాం. అక్కడి నుంచి ఉద్దానం. కొబ్బరి, పనస, జీడి, నీడలోంచి నీడలోకి నడక. ఆ రోజు ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. మొదటి ఊళ్ళో నలుగురు నిలబడి చూశారు, అడగలేదు. రెండో ఊళ్ళో పదిహేను మంది. ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు. ఒకాయన ఫోనులో "ఆఁ, ఇప్పుడే దాటినారు, కర్రలున్నాయి" అంటున్నాడు.

"అలవాటు పడిపోయారురా. చూడు, అక్కడిలాగే ఎవరూ అడగడం లేదు" అన్నాడు బావ.

"బావా, అడగకపోవడంలో రకాలుంటాయి" అన్నాను.

మూడో ఊళ్ళో దారికి అడ్డంగా ఒక ఆటో పెట్టి ఉంది. పక్కన నిన్నటి సైకిలు. కాస్త కూర్చుని వెళ్ళమన్నారు. చాలా మర్యాదగా, చెరో భుజం మీద చెయ్యేసి అన్నారు. కొబ్బరికాయలు వలిచే పాకలో కూర్చోబెట్టారు. మా ఇద్దరి మధ్యా వలిచే గునపం మొన పైకి ఉండేలా పాతి ఉంది. అది బెదిరించడానికి కాదు, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అయినా నేను కొంచెం జరిగాను.

ఊరి పెద్ద ఒకాయన ఎదురుగా కాయల కుప్ప మీద కూర్చున్నాడు.

"ఏ డిపార్ట్‌మెంటు?"

"డిపార్ట్‌మెంటు కాదండీ, ఊరికే..." అన్నాడు బావ.

"ఊరికే అన్న మాట పక్కనెట్టు. నిన్నటేలనుంచి అదే ఇంతన్నాం. సర్వేకొచ్చినారా?"

"సర్వే అయితే ఇలా నడుచుకుంటూ వస్తారా అండీ, జీపులో రారా" అన్నాను నేను, తేలిగ్గా నవ్వుతూ. పాకలో ఇరవై మంది ఉన్నారు. నవ్వింది నేనొక్కణ్ణే.

"జీపులో ఒత్తే టైర్లు కోసీసినాం పోయినసారి. అందుకే నడిసొచ్చినారు" అన్నాడు సైకిలు మనిషి. వాదన చాలా గట్టిగా ఉంది. నాకే నమ్మబుద్ధేసింది.

బావ గుర్తింపు చూపిద్దామని ఫోనులో పాస్‌పోర్టు ఫొటో తెరిచాడు, వీసా ముద్రతో సహా. ఫోను చేతులు మారింది. పెద్దాయన చూపు మారింది.

"ఇదేశీ కంపెనీ!"

"కంపెనీ కాదండీ. నడవడానికి వచ్చేది మొగుడూ పెళ్ళాం."

"అంత దూరం నుంచొచ్చి మొగుడూ పెళ్ళాం మా తోటల్లో ఏటి సేత్తారు?"

"నడుస్తారండీ."

కుప్ప మీంచి ఒక కాయ దానంతటదే దొర్లింది.

అప్పుడు వచ్చింది ఒక మామ్మ. డెబ్భై ఉంటాయి, ఇంతంటే ఇంతే మనిషి. ఆటోలో వచ్చింది, నది ఎగువ నుంచి. మేము గీతలు గీసిన జీడితోట ఆవిడదే. కొంగు ముడి విప్పి ఒక బెరడు ముక్క తీసి గునపం పక్కన పెట్టింది. దాని మీద పసుపు రంగు.

"ఇదెవలేసినారు?"

బావ లేచి నిలబడ్డాడు. "నేనే మామ్మా."

"నా మొగుడేసిన సెట్లవి. తుపానుకి సగం పోయినాయి. మిగిలినవే నా కూడు. ఆటికి నెంబరెట్టీసి ఎలిపోతావా? నిన్నట్నుంచి మెతుకు దిగనేదు నాకు."

"నంబరు కాదు మామ్మా. గుర్తు."

"ఏ గుర్తైనా ముందు రంగే పడతాది" అంది.

నిజానికి బావ దీనికి ఏదో ఒక జవాబు చెప్పి ఉండొచ్చు. లోయలూ ఆవులూ రొట్టే అన్నీ ఉన్నాయి కదా. అవేవీ ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరిదో కనుక్కోకుండా వేశాను, తప్పు" అన్నాడు. పాకలో వాళ్ళకి అది ఇంకా అనుమానం కలిగించింది. తప్పని ఒప్పుకున్న సర్వేయర్ని వాళ్ళు అంతవరకు చూడలేదు.

మామ్మ మాత్రం ఆయన మొహం చూడటం మానేసి, "సేతులు సూపించు" అంది.

బావ చూపించాడు. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడి కాలిన చిన్నచిన్న మచ్చలు. వేళ్ళ మీద పాత బొబ్బల గట్టి చర్మం. ఆవిడ తన చేతులు పక్కన పెట్టింది. పలాస మిల్లుల్లో ఏళ్ళ తరబడి జీడిగింజలు కొట్టిన వేళ్ళు. గింజ తొక్కలోని నూనె చర్మాన్ని తినేసి నల్లగా చేసేస్తుంది. ఎంత కడిగినా ఆ నలుపు పోదు.

"ఆఫీసోడి సేతులు కావివి" అంది పెద్దాయనతో. "కూలోడు. బుర్ర నేదంతే."

"ఐటీఐ చేశాను మామ్మా" అన్నాడు బావ. అవసరం లేనిచోట నిజం చెప్పడం ఆయనకి అలవాటు.

నా చేతులు ఎవరూ అడగలేదు. అడిగుంటే మొబైల్ షాపు చేతులు చూసి వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చేది. జేబుల్లో పెట్టుకున్నాను.

తీర్పు అయింది. వేసిన ప్రతి గీతా చెరిపెయ్యాలి. చెరిపేటప్పుడు ఆ జాగా వాళ్ళు ఎదురుగా ఉండాలి. అంతదాకా కర్రలు పాకలో ఉంటాయి. తీర్పు చెప్పాక బొండాలు కొట్టిచ్చారు. నా బొండాన్ని నేను కాసేపు అనుమానంగా చూసి తాగాను.

శుక్రవారం, శనివారం గీతలు చెరపడానికే సరిపోయాయి. టర్పెంటైను, గోనె ముక్కలు, బావ వైరు బ్రష్షు. మళ్ళీ మందస నుంచి మొదలుపెట్టి ఒక్కో రాయి. వరి కుప్ప మీదాయన దగ్గరుండి చూసి, "ఆ మూల ఇంకా కనిపిత్తంది" అని మూడుసార్లు తోమించాడు. కలుపు గిన్నె ఆవిడ, "డాక్టరు ఇదీ సెయ్యమన్నాడా?" అని అడిగింది. సైకిలు మనిషి ఇప్పుడు పక్కనే నడిచాడు, గీత ఉన్నచోటల్లా తనే ముందు వెళ్ళి చూపించాడు. మాకంటే ఆయనకే బాగా గుర్తున్నాయి. ఆ రెండ్రోజుల్లో నదికి ఇటూ అటూ మాకు తెలియని మొహం లేకుండా పోయింది. దారిలో రెండుచోట్ల అన్నం పెట్టారు. పెడుతూనే ఇంకో నాలుగు ప్రశ్నలు వేశారు.

జీడితోటలో మామ్మ మోడు మీద కూర్చుని చూసింది. చెట్టు కాబట్టి బావ వైరు బ్రష్షు వాడలేదు. గోనె ముక్కతో నెమ్మదిగా, పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దాడు. చాలాసేపు పట్టింది.

"ఆళ్ళకి ఆ ఊళ్ళో పనులుండవా?" అంది మామ్మ.

"సెలవుల్లో వస్తారు మామ్మా."

"జీడిపళ్ళు కోసీకుండా నడుత్తారా?"

"ఒక్కటి కొయ్యరు. నేను చూసుకుంటాను."

"నువ్వుంటావా?"

బావ చెయ్యి ఆగింది.

"గీతెట్టీసి నువ్వు ఇమానమెక్కీసినావనుకో" అంది ఆవిడ. "రేపేదైనా అయితే ఎవల్ని అడగాలి? గీతనడగాలేటి? మనిషుంటే మనిషినడుగుతాం. నువ్వు ఎంటుంటే రమ్మను, నా తోటమీంచే ఎల్లమను. నువ్వు నేకపోతే ఒద్దు."

బావ నా వైపు చూశాడు. ఉండాలా వద్దా తేల్చుకోవడానికి దారి ఉందేమో చూద్దామని వచ్చాడు. ఆయన ఉంటేనే దారి ఉందని తేలింది. నాకు తలనొప్పి వచ్చింది. బావకి మాత్రం ఏదో దించేసినట్టు మొహం తేటపడింది.

పాకలో కర్రలు తిరిగిచ్చేశారు. శనివారం సాయంత్రం బారువ చేరాం. నది సముద్రంలో కలిసే చోటు గొప్పగా ఉంటుందని మీరనుకుంటారు. ఇసక మేట అడ్డంగా పడి, నది దాని వెనక మడుగులా నిలబడి ఉంది. అవతల సముద్రం తన పని తాను చేసుకుంటోంది. పడవ పక్కన వల బాగుచేసుకుంటున్నాయన తలెత్తి, "ఎవలు?" అన్నాడు. మేము నోరు తెరిచేలోపల సైకిలు మనిషి, "మనోళ్ళే. ఊరికే నడుత్తన్నారు" అన్నాడు. వలాయన నమ్మలేదు. కానీ ఇంకేమీ అడగలేదు.

బావ ఇసకలో కూర్చుని, ఫోనులో యార్డు వాళ్ళకి రానని రాశాడు. రెండే వాక్యాలు. పంపేముందు స్పెల్లింగు నాతో చూపించుకున్నాడు. తర్వాత అక్కకి ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాడు, సాక్షి కోసం కాబోలు.

"నేనింక వెళ్ళను" అన్నాడు.

అక్క ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. గాలి వల్లనో, సిగ్నలు వల్లనో చెప్పలేను. సిగ్నలు మాత్రం నాలుగు గీతలుంది.

"నిజంగానా? ఎవలైనా బలవంతంగా సెప్పిత్తన్నారేటి?" అంది అక్క.

"లేదే. నేనే."

"సరే. ఒచ్చినప్పుడు సేపలు తెండి, నెత్తళ్ళు. బాగా ఎండినవి సూసి తెండి, పోయినసారి మోసపోయినారు."

రెండు వారాలకి సూపర్‌వైజరు దంపతుల దగ్గర్నుంచి సందేశం వచ్చింది. ఆవిడకి మోకాలు నొప్పి, నడవద్దన్నారు, ఈ ఏడాది వేరే దేశంలో సముద్రం పక్క హోటల్లో ఉంటారట. వచ్చే ఏడాది చూద్దామన్నారు. మోకాలు నిజంగా నొప్పేనా అని అక్క అడిగింది. బావ కోపగించుకోలేదు. జీడిపప్పు మిల్లుల్లో బాయిలరు పైపులు తరచూ కారతాయి, వెల్డరు ఎప్పుడూ కావాలి. ఆ వారంలోనే ఒక మిల్లులో చేరాడు.

మిల్లు ఇంటికి మూడు కిలోమీటర్లు. బావ బండి మీద వెళ్తాడు.